బొమ్మల కొలువులో రైల్వే గేటు: ఆర్డుయినో నానోతో లైట్లు, కదిలే గేటు కట్టే పద్ధతి

"లైట్లు వెలుగుతున్నాయి, గేటు మాత్రం వణుకుతోంది." "యూఎస్‌బీకి పెడితే బాగుంది, అడాప్టర్‌కి పెడితే రీసెట్ అవుతోంది." "కోడ్‌లో ఎక్కడ తప్పుందో కాస్త చూడండి." పండగ దగ్గర పడేకొద్దీ ఇలాంటి ప్రశ్నలు వరసగా వస్తుంటాయి. వీటిలో చాలావాటికి జవాబు కోడ్‌లో ఉండదు. కరెంటు ఇచ్చిన తీరులో ఉంటుంది. అందుకే ఇక్కడ పవర్ లెక్క ముందు పెట్టాను, ప్రోగ్రాం చివర్లో పెట్టాను.

మనం కట్టబోయేది ఇది. కొలువు మెట్ల ముందు పరిచే ఊరిలో ఒక రైల్వే గేటు ఉంటుంది. పిల్లలు బటన్ నొక్కితే రెండు ఎర్ర లైట్లు మార్చి మార్చి వెలుగుతాయి, గేటు మెల్లగా దిగుతుంది, పది సెకన్లు ఆగి మళ్లీ లేస్తుంది. మెట్టు అంచున 20 ఎల్ఈడీల రంగుల స్ట్రిప్ వెలుగుతూ ఉంటుంది.

ఒక్క షరతు: మొత్తం 5 వోల్టుల్లోనే జరగాలి. ఇంటి 230 వోల్టుల సీరియల్ లైట్లను రిలేతో (బోర్డు ఆడించే స్విచ్‌తో) వెలిగించి ఆర్పే పని దీనిలో కలపకండి. పిల్లలు చేతులు పెట్టే చోట అది వద్దు.

## 1. సామాన్లు

- ఆర్డుయినో నానో (ప్రోగ్రాం ఎక్కించి లైట్లు, మోటార్లు ఆడించే చిన్న సర్క్యూట్ బోర్డు), ఏటీమెగా328పీ చిప్ ఉన్నది. పిన్లు ముందే సోల్డర్ చేసి ఉన్న బోర్డు తీసుకోండి
- దానికి సరిపోయే యూఎస్‌బీ డేటా కేబుల్
- 5 వోల్టులు, 3 ఆంపుల అడాప్టర్, బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ముద్రించినది
- అడాప్టర్ పిన్ను దూర్చడానికి స్క్రూలు ఉన్న డీసీ జాక్
- డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒక్కో లైటుకి వేరే రంగు ఇవ్వగలిగే రకం), 20 ఎల్ఈడీల ముక్క
- ఎస్‌జీ90 సర్వో మోటార్ (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు)
- 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్ఈడీలు రెండు
- 330 ఓమ్‌ల రెసిస్టర్లు మూడు
- 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువది
- పుష్ బటన్, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, కాస్త లావు వైరు
- మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్
- ఐస్‌క్రీమ్ పుల్ల, ఫెవికాల్, ఎరుపు తెలుపు రంగులు

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్క తిరుగుడులో దొరుకుతాయి. కొట్లో "కలర్ స్ట్రిప్" అని మాత్రమే అడగకండి. 12 వోల్టుల మామూలు ఆర్‌జీబీ స్ట్రిప్ చేతిలో పెడతారు. దానిలో లైట్లన్నీ ఒకే రంగులో వెలుగుతాయి, మన నానోతో నేరుగా పనిచేయదు. స్ట్రిప్ మీద 5 వోల్టులని రాసి ఉందా, ఒక్కో ముక్కకి మూడే రాగి మచ్చలు ఉన్నాయా చూసుకోండి. నాలుగు ఉంటే అది వేరే రకం.

నానోకి బదులు ఈఎస్‌పీ32 అనే ఇంకో రకం బోర్డు వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, కానీ దాని పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు. 5 వోల్టులతో నడిచే ఈ స్ట్రిప్ డేటా కోసం కనీసం 3.5 వోల్టులు ఆశిస్తుంది. ఒక ఇంట్లో పనిచేసి ఇంకో ఇంట్లో మొరాయిస్తుంది. మొదటిసారి కడుతుంటే నానోయే సుఖం.

## 2. కరెంటు లెక్క కాగితం మీద

సామాను విప్పకముందే ఈ లెక్క వేయండి.

- స్ట్రిప్: ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపుల దాకా తీసుకుంటుంది. 20 × 60 = 1200 మిల్లీఆంపులు
- సర్వో: ఖాళీగా తిరిగేటప్పుడు కొంచెమే తీసుకుంటుంది. ఎక్కడైనా అడ్డుపడి ఇరుక్కుంటే 700 మిల్లీఆంపుల దాకా లాగుతుంది
- నానో, రెండు ఎర్ర లైట్లు: 50 మిల్లీఆంపులు

మొత్తం దాదాపు 2 ఆంపులు. అందుకే 3 ఆంపుల అడాప్టర్. ల్యాప్‌టాప్ మామూలు యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీఆంపులు ఇస్తుంది కాబట్టి దానితో మొత్తం నడపాలనుకోవద్దు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మంచి అడాప్టర్ కొంటారు, ఆ కరెంటంతా బ్రెడ్‌బోర్డు గుండా పంపుతారు. బ్రెడ్‌బోర్డు లోపలి క్లిప్పులు, సన్నటి జంపర్ వైర్లు ఒక ఆంపుకి మించి మోసే రకం కావు. వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, నానో రీసెట్ అవుతుంది. డీసీ జాక్ స్క్రూల నుంచి లావు వైర్లు నేరుగా స్ట్రిప్‌కి, సర్వోకి వెళ్లాలి. బ్రెడ్‌బోర్డు మీద బటన్, ఎర్ర లైట్లు, సిగ్నల్ వైర్లు మాత్రమే ఉండాలి.

ఇంకొకటి: 5 వోల్టుల అడాప్టర్ ప్లస్ వైరు నానో మీద "5వీ" అన్న పిన్నుకి వెళ్లాలి. "విన్" అన్న పిన్నుకి కాదు. విన్ పిన్ను 7 నుంచి 12 వోల్టుల కోసం పెట్టింది. అక్కడ 5 ఇస్తే లోపలి రెగ్యులేటర్ కొంత తినేసి, చిప్‌కి చాలీచాలనంత మిగులుతుంది.

## 3. పిన్ల పట్టిక

ఒక కాగితం మీద రాసి, నానో పెట్టే డబ్బా మూతకి అతికించండి.

- డీ2: బటన్
- డీ4: ఎడమ ఎర్ర లైటు
- డీ5: కుడి ఎర్ర లైటు
- డీ6: స్ట్రిప్ డేటా
- డీ9: సర్వో సిగ్నల్

డీ0, డీ1 వదిలేయండి. కంప్యూటర్‌తో మాట్లాడే దారి అవే. వాటికి ఏదైనా తగిలించి ఉంటే ప్రోగ్రాం ఎక్కకుండా సతాయిస్తుంది.

బజర్ కూడా పెట్టొచ్చు కానీ నేను సలహా ఇవ్వను. పేరంటానికి వచ్చిన పిల్లలు బటన్ వదలరు, సాయంత్రానికి ఇంట్లోవాళ్లే దాన్ని పీకేస్తారు.

## 4. ముందు బోర్డు ఒక్కటే

ఇంకేమీ కలపకుండా నానోని కంప్యూటర్‌కి పెట్టి, ఆర్డుయినో ఐడీఈలో (ప్రోగ్రాం రాసి బోర్డుకి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో) ఎగ్జాంపుల్స్, బేసిక్స్ కింద ఉండే "బ్లింక్" ఎక్కించండి. బోర్డు మీది చిన్న లైటు సెకనుకోసారి ఆరి వెలగాలి.

ఎక్కకపోతే ఈ వరసలో చూడండి.

- కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు
- పోర్టు జాబితాలో బోర్డు కనబడకపోతే సీహెచ్340 డ్రైవర్ వేయండి. చవక నానోల్లో ఎక్కువగా ఆ చిప్పే ఉంటుంది
- పోర్టు కనబడుతోంది కానీ "నాట్ ఇన్ సింక్" అంటోంది: టూల్స్‌లో ప్రాసెసర్ దగ్గర "ఓల్డ్ బూట్‌లోడర్" అన్నది ఎంచుకోండి

ఇది పూర్తిగా పనిచేసేదాకా తర్వాతి మెట్టుకి వెళ్లకండి.

## 5. ఎర్ర లైట్లు, బటన్

ఎల్ఈడీ పొడవు కాలు ప్లస్. డీ4 నుంచి 330 ఓమ్‌ల రెసిస్టర్, దాని నుంచి పొడవు కాలు, పొట్టి కాలు గ్రౌండ్‌కి (అంటే మైనస్ వైపుకి, నానో మీద "జీఎన్‌డీ" పిన్ను). రెండోదీ అంతే, డీ5 నుంచి.

330 ఎందుకంటే: ఎర్ర ఎల్ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు ఆగుతాయి. మిగిలిన 3 వోల్టులను 330తో భాగిస్తే 9 మిల్లీఆంపులు. నానో పిన్ను నుంచి 20 దాటకుండా ఉంచడం మంచిది, కాబట్టి ఇది హాయిగా సరిపోతుంది. రెసిస్టర్ లేకుండా పెట్టినా వెలుగుతుంది, అదే ప్రమాదం. బాగానే ఉందనుకుంటాం, పిన్ను మెల్లగా దెబ్బతింటుంది.

బటన్ ఒక కాలు డీ2కి, ఇంకోటి గ్రౌండ్‌కి. వేరే రెసిస్టర్ అక్కర్లేదు, ప్రోగ్రాంలో ఆ పిన్నుని "ఇన్‌పుట్ పుల్అప్"గా పెడితే చాలు. అప్పుడు నొక్కనప్పుడు "హై", నొక్కినప్పుడు "లో" వస్తుంది. ఇది తలకిందులుగా అనిపించి చాలామంది తికమక పడతారు. నాలుగు కాళ్ల బటన్ అయితే ఏ రెండు కాళ్లు లోపలే కలిసి ఉన్నాయో మల్టీమీటర్ బీప్‌తో చూసుకుని, ఎదురెదురు మూలల కాళ్లు వాడండి.

## 6. స్ట్రిప్

స్ట్రిప్ మీద బాణం గుర్తులుంటాయి. డేటా బాణం మొదలయ్యే వైపు నుంచే వెళ్లాలి. అటువైపు "డీఐ" లేదా "డిన్" అని ఉంటుంది. "డీఓ" వైపు నుంచి ఇస్తే ఒక్క లైటూ వెలగదు.

కలిపే వరస:

1. అడాప్టర్ ప్లగ్గు తీసేసి ఉంచండి.
2. కెపాసిటర్‌ని స్ట్రిప్ మొదట్లో ప్లస్, గ్రౌండ్ మధ్య పెట్టండి. దాని ఒంటి మీద చార ఉన్న కాలు గ్రౌండ్‌కి. తిప్పి పెడితే ఉబ్బి పేలుతుంది.
3. స్ట్రిప్ గ్రౌండ్, అడాప్టర్ గ్రౌండ్, నానో గ్రౌండ్ మూడూ కలపండి.
4. స్ట్రిప్ ప్లస్‌ని డీసీ జాక్ ప్లస్‌కి కలపండి. నానో 5వీ పిన్నుకి ఇంకా ఏమీ వద్దు.
5. డీ6 నుంచి వచ్చే డేటా వైరుకి, స్ట్రిప్ చేరే చివర 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి.
6. ముందు అడాప్టర్ వేయండి, తర్వాత యూఎస్‌బీ పెట్టండి. తీసేటప్పుడు ముందు యూఎస్‌బీ, తర్వాత అడాప్టర్.

ఈ దశలో నానోకి కరెంటు యూఎస్‌బీ నుంచి, స్ట్రిప్‌కి అడాప్టర్ నుంచి వస్తుంది. గ్రౌండ్ మాత్రం ఉమ్మడి. అది కలపకపోతే నానో పంపే 5 వోల్టులు దేనితో పోల్చి 5 అన్నది స్ట్రిప్‌కి తెలియదు. లైట్లు ఇష్టం వచ్చిన రంగుల్లో పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. ఆ లక్షణం కనబడితే కోడ్ తెరవకండి, గ్రౌండ్ వైరు చూడండి.

అడాఫ్రూట్ నియోపిక్సెల్ లైబ్రరీ (స్ట్రిప్ నడపడానికి ముందే రాసి ఉన్న కోడ్) వేసుకుని అందులోని "స్ట్రాండ్‌టెస్ట్" నడపండి. పిన్ను 6, సంఖ్య 20 అని మార్చండి. వెలుగు స్థాయి 255కి గాను 60 దగ్గర పెట్టండి. గదిలో అది చాలు, బొమ్మల మొహాలు తెల్లబోకుండా కూడా ఉంటాయి. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తోందంటే స్ట్రిప్ పాడవలేదు. రంగుల వరసను ప్రోగ్రాంలో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం), జీఆర్‌బీల (ఆకుపచ్చ, ఎరుపు, నీలం) మధ్య మార్చాలి, అంతే.

## 7. సర్వో, గేటు

సర్వో వైర్లలో గోధుమ రంగు గ్రౌండ్, ఎరుపు 5 వోల్టులు, నారింజ సిగ్నల్. ఎరుపుని డీసీ జాక్ ప్లస్‌కి, గోధుమ రంగుదాన్ని జాక్ గ్రౌండ్‌కి, సిగ్నల్‌ని డీ9కి.

గేటు పుల్ల ఇప్పుడే అతికించకండి. ముందు సర్వోని 90 డిగ్రీలకు పంపే చిన్న ప్రోగ్రాం ఎక్కించండి. మోటారు అక్కడికి వెళ్లి ఆగాక, తెల్ల ప్లాస్టిక్ చెయ్యిని గేటు నిలువుగా లేచి ఉండే కోణంలో తొడగండి. చేత్తో బలవంతంగా తిప్పి సరిచేయాలని చూస్తే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి.

తర్వాత 0 డిగ్రీల వైపు కొంచెం కొంచెంగా పంపుతూ, గేటు ఎక్కడ అడ్డంగా నిలుస్తుందో ఆ అంకె రాసుకోండి. దిమ్మకి తగిలే చోటుకంటే రెండు మూడు డిగ్రీల ముందే ఆపండి. పుల్ల దిమ్మకి ఆనుకుని ఇంకా కిందికి పొమ్మని చెబుతుంటే మోటారు గుర్రుమంటూ వేడెక్కుతుంది, ముందు వేసుకున్న 700 మిల్లీఆంపుల లెక్క అక్కడే నిజమవుతుంది.

గేటు ఠక్కున పడితే బొమ్మలాట అనిపించదు. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక్క డిగ్రీ చొప్పున కదపండి. 90 డిగ్రీలకు 1.8 సెకన్లు పడుతుంది. ఇంకా నిదానంగా కావాలంటే 40 పెట్టండి.

కరెంటు రాగానే గేటు ఒక్కసారి ఎగిరిపడటం చాలామందికి ఎదురవుతుంది. ప్రోగ్రాంలో సర్వోని పిన్నుకి తగిలించే ఆజ్ఞకంటే ముందే, గేటు లేచి ఉండే కోణాన్ని రాసేయండి. ఆ ఎగిరిపాటు తగ్గుతుంది.

## 8. అన్నీ కలిపే ప్రోగ్రాం

కోడ్ అంతా ఇక్కడ ఇవ్వడం లేదు. అతికించుకున్న కోడ్ పాడైతే ఎక్కడ వెతకాలో తెలియదు, లెక్క అర్థమైతే మీరే రాయగలరు.

గేటుకి ఐదు స్థితులు పెట్టుకోండి.

1. ఖాళీ: గేటు పైన, ఎర్ర లైట్లు ఆరి ఉంటాయి. బటన్ నొక్కితే రెండోదానికి
2. హెచ్చరిక: ఎర్ర లైట్లు మొదలు. మూడు సెకన్ల తర్వాత మూడోదానికి
3. దిగడం: ఒక్కో డిగ్రీ కిందికి. కింది కోణం చేరగానే నాలుగోదానికి
4. మూసి ఉండటం: పది సెకన్లు
5. లేవడం: ఒక్కో డిగ్రీ పైకి. చేరగానే మళ్లీ ఖాళీ

ఖాళీ స్థితిలో తప్ప ఇంకెప్పుడూ బటన్‌ని పట్టించుకోవద్దు. పిల్లలు టకటకా పదిసార్లు నొక్కినా గేటు గందరగోళపడదు.

కాసేపు ఆగమని చెప్పే "డిలే" ఆజ్ఞ వాడొద్దు. డిలే నడుస్తున్నంతసేపు నానో ఇంకే పనీ చూడదు. గేటు దిగుతుంటే లైట్లు మినుకుమనడం ఆగిపోతుంది. దానికి బదులు "మిల్లిస్" వాడండి, నానో మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో అది చెబుతుంది. ఇప్పటి సమయంలోంచి చివరిసారి మార్చిన సమయాన్ని తీసేయండి, తేడా 500 దాటితే లైట్లు మార్చండి, కొత్త సమయం గుర్తుంచుకోండి. డిజిటల్ ఎగ్జాంపుల్స్‌లో "బ్లింక్ వితౌట్ డిలే" చూస్తే ఈ పద్ధతి పట్టుబడుతుంది.

ఆ సమయాన్ని దాచే చోటు రకం "అన్‌సైన్డ్ లాంగ్" అయి తీరాలి. నానోలో "ఇంట్" 32,767 దాకానే మోస్తుంది. కరెంటు వేసిన అర నిమిషం అంతా బాగుండి, తర్వాత లైట్లు తిక్కగా ప్రవర్తిస్తే కారణం ఇదే.

ఇక వణికే గేటు సంగతి. స్ట్రిప్‌కి రంగులు పంపేటప్పుడు లైబ్రరీ మిగతా పనులన్నిటినీ కాసేపు ఆపేస్తుంది. ఒక్కో ఎల్ఈడీకి 30 మైక్రోసెకన్లు, ఇరవైకి 600. సర్వో తన కోణాన్ని సిగ్నల్ ఎంతసేపు పైకి ఉందన్న దాన్నిబట్టి తెలుసుకుంటుంది. సర్వో లైబ్రరీలో మామూలుగా 544 మైక్రోసెకన్లంటే 0 డిగ్రీలు, 2400 అంటే 180. ఆ సిగ్నల్ దించాల్సిన క్షణంలో నానో స్ట్రిప్ పనిలో ఉంటే, 600 మైక్రోసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. కోణంలో చూస్తే అది 50 డిగ్రీలకు పైనే. గేటు వణకక ఏం చేస్తుంది?

మందు సులువే, రెండు నియమాలు.

- మూడు, ఐదు స్థితుల్లో స్ట్రిప్‌కి కొత్త రంగులు పంపకండి. చివరిసారి ఇచ్చిన రంగుని అది తనంతట తానే పట్టుకుని ఉంటుంది. చూసేవాళ్ల కళ్లు ఎలాగూ గేటు మీదే ఉంటాయి
- గేటు చేరాక అర సెకను ఆగి సర్వోని "డిటాచ్" చేయండి, అంటే ప్రోగ్రాంలోనే దాని సిగ్నల్ ఆపండి. పుల్ల తేలిక కాబట్టి పళ్ల బిగువుకే నిలబడుతుంది. మళ్లీ కదిపే ముందు తగిలించండి

## 9. కొలువులో అమర్చడం

ఇప్పుడు యూఎస్‌బీ తీసేసి, అడాప్టర్ ప్లస్‌ని నానో 5వీ పిన్నుకి కలపండి. తర్వాత ఎప్పుడైనా ప్రోగ్రాం మార్చాలంటే ముందు ఈ ఒక్క వైరు పీకి, అప్పుడే యూఎస్‌బీ పెట్టండి.

బ్రెడ్‌బోర్డు మూడు రోజుల కొలువుకి నడుస్తుంది. దసరాకి తొమ్మిది రోజులు పెడతామంటే సోల్డర్ చేసేయండి.

బొమ్మలు పేర్చేముందు చూడాల్సినవి:

- నానో, స్ట్రిప్ మొదలు దగ్గరగా ఉన్నాయా. డేటా వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది
- బటన్ వైరు పొడవైతే, 50 మిల్లీసెకన్లు వరసగా "లో" ఉంటేనే నొక్కినట్టు లెక్కించమని ప్రోగ్రాంలో రాశారా
- నానో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉందా. అక్షింతలు, నీళ్లు, పసుపు ఎక్కడైనా పడతాయి
- దీపాలకి, హారతి ఇచ్చే చోటికి వైర్లు, మెట్ల మీద గుడ్డ దూరంగా ఉన్నాయా
- అడాప్టర్ గుడ్డ కింద కాకుండా గాలి తగిలే చోట ఉందా
- మెట్టు వెనక్కి చెయ్యి దూరే సందు వదిలారా
- రెండు గంటలు ఆపకుండా నడిపి, జాక్ స్క్రూలు, వైర్లు వేడెక్కాయేమో తాకి చూశారా
- కరెంటు పోయి వచ్చినట్టు ప్లగ్గు తీసి పెట్టి చూశారా. గేటు పైన, లైట్లు ఆరి, స్ట్రిప్ వెలుగుతూ మొదలవ్వాలి

అమెరికాలో కొలువు పెట్టేవాళ్లు అడాప్టర్ మాత్రం అక్కడే కొనుక్కోండి, ప్లగ్గు గొడవ ఉండదు. మిగతాది మార్చక్కర్లేదు.

## 10. మొరాయిస్తే

గేటు కదలగానే నానో రీసెట్ అవుతోంది. కదిలే క్షణంలో నానో 5వీ, గ్రౌండ్ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 4.5కి దిగుతుంటే సర్వో వైరు జాక్‌కి కాకుండా బ్రెడ్‌బోర్డుకి వెళ్తోందేమో చూడండి. మీటరు వేగంగా చూపలేదు కాబట్టి అంకె బాగున్నా అనుమానం ఉంటే వైరు మార్చే చూడండి.

మొదటి ఎల్ఈడీ చచ్చింది, మిగతావీ వెలగడం లేదు. గ్రౌండ్ లేకుండా డేటా పెట్టినప్పుడు ఇలా అవుతుంటుంది. మొదటిదాన్ని కత్తెరతో కోసేసి, రెండోదాని మచ్చలకి వైర్లు సోల్డర్ చేయండి. ప్రోగ్రాంలో 20ని 19 చేయండి.

సగం దాకా బాగుంది, ఆ తర్వాత చీకటి. వెలిగిన చివరి ఎల్ఈడీకి, దాని పక్కదానికి మధ్య అతుకు చూడండి. స్ట్రిప్‌ని మెట్టు మూలలో మడిచిన చోటే ఎక్కువగా తెగుతుంది.

స్ట్రిప్ చివర తెలుపు పసుపుపచ్చగా ఉంది. అక్కడికి వోల్టేజీ తగ్గి చేరుతోంది. చివర్లో కూడా ప్లస్, గ్రౌండ్ వైర్లు ఇవ్వండి, డేటా అక్కర్లేదు.

ఎవరూ నొక్కకుండానే గేటు పడుతోంది. బటన్ పిన్ను "ఇన్‌పుట్"గానే ఉండిపోయి ఉంటుంది. పుల్అప్ పెట్టండి.

బ్రెడ్‌బోర్డు మీద ఒక సగం పనిచేస్తోంది, ఇంకో సగం లేదు. కొన్ని బోర్డుల్లో పక్కనుండే ఎర్ర, నీలం గీతలు మధ్యలో తెగి ఉంటాయి. ఆ ఖాళీ దగ్గర రెండు చిన్న జంపర్లు వేయండి.